మల పరీక్ష కిట్ అల్మారాలో పడేశారు, ఏం చేయాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. ఇంగ్లండ్‌లో మా దగ్గరే ఉంటున్నారు. పెద్దపేగు క్యాన్సర్ పరీక్షంటూ పోస్టులో కిట్ వచ్చింది. ‘నాకేం రోగం లేదు, ఇదేం పాడు పని’ అని అల్మారాలో పడేశారు. డాక్టరు మాటైతే వింటారు. జీపీ (మా ఫ్యామిలీ డాక్టరు) ఏమైనా చేయగలరా?
- ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: చేయగలరు. కిట్ పంపేది జీపీ కాదు, స్క్రీనింగ్ కేంద్రం. 50 నుంచి 74 ఏళ్ల వారికి రెండేళ్లకోసారి, జీపీ దగ్గర నమోదైన చిరునామాకు వస్తుంది. ఇల్లు మారి సర్జరీలో (అంటే జీపీ క్లినిక్‌లో) చెప్పకపోతే పాతింటికే పోతుంది. కిట్ తిరిగి రాకపోతే ఆ కబురు జీపీకి అందుతుంది. జీపీ పేరుతో లేఖ వెళ్తే స్పందన కొంత పెరుగుతుందని అక్కడి పరిశోధనల్లో తేలింది కూడా.

సర్జరీకి ఫోన్ చేసి, నాన్నగారు బీపీ చెకప్‌కు వచ్చినప్పుడు ఈ మాట కూడా చెప్పమని అడగండి. తెలుగు దుబాసీ కావాలని ముందే చెప్పాలి. కొడుకే మధ్యలో అనువాదం చేస్తుంటే మల విసర్జన గురించి ఏ తండ్రీ నోరు విప్పడు!

‘రోగం లేదు’ అంటున్నారు కదా, ఈ పరీక్ష అలాంటివారి కోసమే. కంటికి కనిపించని రక్తాన్ని పట్టుకుంటుంది. రక్తం ఉందని తేలితే కొలనోస్కోపీకి (సన్నటి కెమెరా గొట్టంతో పెద్దపేగును చూసే పరీక్షకు) పిలుస్తారు. వారిలో ఎక్కువమందికి క్యాన్సర్ ఉండదు. పాలిప్స్ (పేగు లోపలి చిన్న కండలు) కనిపిస్తే, అవి క్యాన్సర్‌గా మారకముందే తీసేయొచ్చు.

పరీక్షకు పథ్యం అక్కర్లేదు. ఇబ్బందల్లా మలం కమోడ్ నీళ్లలో పడిపోవడమే. ఖాళీ ఐస్‌క్రీం డబ్బాను కడిగి ఆరబెట్టి అందులో పట్టాలి. సీసా మూతకున్న పుల్లతో మలాన్ని గీకితే పుల్ల మీది గాళ్లు నిండుతాయి, అంతే చాలు. ఎక్కువ కూరితే పరీక్ష చెల్లదు. పుల్లను సీసాలో పెట్టి మూత బిగించి, సీసా మీద తేదీ రాసి, వాళ్లిచ్చిన కవరులో వెంటనే పోస్టు చేయాలి. చాలామంది మరిచేది ఆ తేదీనే. అది లేకపోతే మళ్లీ కిట్ పంపుతారు. పాత కిట్ గడువు దాటిందేమో చూడండి. దాటితే 0800 707 6060కు ఫోన్ చేస్తే కొత్తది వస్తుంది.

ఒకవేళ మలంలో రక్తం కనిపిస్తున్నా, విరేచనం తీరు కొన్ని వారాలుగా మారినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా కిట్‌తో పని లేదు. మొలలేలే అనుకోకుండా నేరుగా జీపీని కలవాలి. మునుపటి కిట్‌లో ఏమీ లేదని వచ్చినా సరే.