ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ కొంత నిండుతుంది తల్లీ

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

కొత్త కారులో రోజూ కడప నుంచి రాయచోటికి డ్యూటీకి పోతున్నావని మీ అమ్మ చెప్పింది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు చార్జింగ్ గబగబా పడిపోతోందని నీకు టెన్షన్‌గా ఉందట. మూడేళ్లుగా నేనూ ఎలక్ట్రిక్ కారే నడుపుతున్నాను కాబట్టి రాస్తున్నా.

ఎక్కేటప్పుడు పడిపోవడం సహజం, బండి బరువంతా పైకి మోయాలి కదా. అప్పుడు బండి ఇంకా ఎంత దూరం పోతుందో తెర మీద కనపడే కిలోమీటర్లు చూసి భయపడొద్దు. పాలకోవా అంగళ్లు దాటి రోడ్డు చదునయ్యాక ఆ లెక్క మళ్లీ కుదురుకుంటుంది.

జాగ్రత్తంతా సాయంత్రం దిగేటప్పుడే. రీజెన్ అనే బ్రేకింగ్ సెట్టింగ్ ఎక్కువలో పెట్టుకో. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు మెల్లగా తీస్తే మోటారే జనరేటర్‌లా మారి, బండి వేగం తగ్గిస్తూ బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఎక్కడానికి ఖర్చయినదంతా రాదు, కొంత వస్తుంది. నాకు దానికన్నా ముఖ్యం బ్రేకులు వేడెక్కకపోవడం. ఆ మలుపుల్లో లోడు లారీలు ఎట్లా దిగుతాయో నువ్వు రోజూ చూస్తున్నావు. వాటికి బాగా దూరం వదులు. మలుపు కనపడగానే కాలు తీయి, మలుపులోకి పోయాక కాదు. ఒకటి గుర్తుపెట్టుకో, బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ సరిగా పట్టదు, బ్రేకే తొక్కాలి.

చదును రోడ్డు మీద 80 దాటొద్దు. 100కి పెంచితే గాలి అడ్డగింత ఒకటిన్నర రెట్లు దాటుతుంది. 20 కిలోమీటర్లకు మిగిలేది మూడు నిమిషాలు.

ఏసీ ఆపుకుని మన ఎండల్లో ఉడికిపోవద్దు. పొద్దున చార్జర్‌కు పెట్టి ఉండగానే బండిని చల్లబరుచుకో, ఆ ఖర్చు ఇంటి కరెంటు మీద పోతుంది. రాయచోటిలో చెట్టు నీడ చూసి ఆపు.

ఇంట్లో చార్జింగ్‌కు ఎక్స్‌టెన్షన్ బాక్సు ముట్టుకోవద్దు. మొదటి నెలలో నేను అదే చేశాను. అర్ధరాత్రి కమురు వాసనకు లేచి చూస్తే ప్లగ్గు కరిగిపోయి ఉంది. 16 ఆంపియర్ల సాకెట్‌కు విడిగా వైరు లాగించు, ఎర్తింగ్ నీ ముందే చెక్ చేయించు. రోజువారీకి ఎంతవరకు ఎక్కించాలో మాన్యువల్ చూడు. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం) బ్యాటరీ అయితే 80 శాతం చాలు. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) బ్యాటరీకి అప్పుడప్పుడూ 100 శాతం దాకా పోనియ్యాలి.

ఆదివారం పొద్దున్నే రా, ఇద్దరం టైర్లలో గాలి చూద్దాం. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

మీ పెదనాన్న