అమ్మమ్మ కథలు వెయ్యి కాపీలు వేయించాలా? నా అనుభవం

మీ అమ్మమ్మగారి కథలు నాలుగు నోటుపుస్తకాల్లో ఉన్నాయనీ, పుస్తకం వేద్దామంటే ప్రెస్సువాళ్ళు కనీసం వెయ్యి కాపీలు అంటున్నారనీ రాశారు. ఈ రోజుల్లో అచ్చు అవసరమా, ఆన్‌లైన్‌లో పెట్టేస్తే చాలదా అన్నది మీ ప్రశ్న. నేను 1983లో విజయవాడ గవర్నరుపేటలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫురీడరుగా చేరాను. సీసపు అక్షరాల నుంచి, కంప్యూటర్లన్నీ తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్ దాకా ఈ పనిలోనే ఉన్నాను. ముందే చెప్పేస్తాను: వెయ్యి కాపీలు వేయించకండి. ముందు చదివేవాళ్ళను చూసుకోండి, తర్వాత వాళ్ళకు సరిపడా వేయించండి.

వెయ్యి అనే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు భయం పోతుంది. మా ప్రెస్సులో కంపోజిటర్ గళ్ళ కేసు ముందు నిలబడి ఒక్కో అక్షరం ఏరి స్టిక్కులో పేర్చేవాడు. తెలుగులో అక్షరానికి గుణింతం ఉంది, కింద ఒత్తు ఉంది, అందుకే కేసులో గళ్ళు వందల్లో ఉండేవి. పేర్చింది తాడుతో కట్టి, సిరా రాసి, తడి కాగితం పరిచి బ్రష్షుతో తడితే గ్యాలీ ప్రూఫు, అంటే తప్పులు దిద్దడానికి తీసే ముద్ర, వచ్చేది. అది ఆరకముందే నా బల్ల మీదికి వచ్చేది. ఒత్తుల అచ్చులు సన్నగా ఉండేవి. సగం కాపీలు పడ్డాక ‘రాష్ట్రం’లో ఒక ఒత్తు విరిగిపోయి ‘రాష్టం’ అయిన రోజులు చాలా చూశాను. మిషను ఆపించి మార్పించేవాళ్ళం.

అక్షరాలు పుస్తకం మొత్తానికి సరిపడా ఉండేవి కావు. ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, అచ్చు వేసి, వెంటనే విప్పేసి, అవే అక్షరాలతో తర్వాతి ఫారం కంపోజు చేసేవాళ్ళం. విప్పేశాక ఇంకో వంద కాపీలు కావాలంటే మళ్ళీ మొదటి అక్షరం నుంచి పేర్చాల్సిందే. అందుకే అవసరం ఉన్నా లేకపోయినా ఒకేసారి వెయ్యి వేసేవాళ్ళు. పేజీలను ప్లేట్ల మీదికి ఎక్కించి అచ్చు వేసే ఆఫ్‌సెట్ వచ్చాక కూడా ఆ ప్లేట్ల ఖర్చు వల్ల అదే లెక్క నడిచింది. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగులో యాభై కాపీలు వేయించుకోవచ్చు, మళ్ళీ కావలసినప్పుడు మరో యాభై. కాపీకి ధర కొంచెం ఎక్కువ పడుతుంది. అయినా అటక మీద పడి ఉండే పుస్తకం ఖరీదుతో పోలిస్తే అది తక్కువే.

అటక సంగతి నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా బాబాయి నల్లగొండ వైపు హుజూర్‌నగర్ దగ్గర పల్లెల్లో ఇరవై ఏళ్ళు టీచరుగా చేశారు. అక్కడి మనుషుల మీద కథలు రాశారు. 1996లో పీఎఫ్ డబ్బులతో వెయ్యి కాపీలు వేశారు. ప్రూఫులు నేనే చూశాను. ఆవిష్కరణ నాడు తొంభై దాకా పోయాయి. ఒక ఏజెంటు రెండు వందలు పట్టుకెళ్ళాడు, ఆ డబ్బు ఇప్పటిదాకా రాలేదు. మిగిలినవాటిలో కొన్ని పంచిపెట్టారు, మిగతావి అటకెక్కాయి. వర్షాకాలం వస్తే ఆయన స్టూలు వేసుకుని ఎక్కి కట్టలు విప్పి, చెదలు పట్టాయేమోనని చూసుకునేవారు. ఆ దృశ్యం నేను మర్చిపోలేను.

అచ్చు వేయడం ఒక పని, చదివేవాళ్ళకు చేర్చడం ఇంకో పని. తెలుగులో పేరు నిలిచిన ప్రచురణలు చాలావరకు ఈ రెండో పని మీద మనసు పెట్టినవే. తెలుగు అక్షరం పుస్తకంగా మొదట అచ్చయింది మన దేశంలో కాదు, జర్మనీలోని హాలెలో, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ చేత, 1746 ప్రాంతంలో. ఆ తర్వాత బెంగాల్‌లోని సెరాంపూర్, మద్రాసు. ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్ళు రాయించి, పరిష్కరింపజేశాడు. ఆయన వేమన పద్యాలు 1829లో, నిఘంటువు 1852లో వచ్చాయి. 1854లో మద్రాసులో వావిళ్ళవారు ప్రచురణ మొదలుపెట్టాక కావ్యాలూ పురాణాలూ ఇళ్ళకు చేరాయి. మా తాతగారి పెట్టెలో ఉన్న భాగవతం వావిళ్ళవారిదే, అట్ట ఊడిపోయినా లోపలి అక్షరం ఈనాటికీ చెక్కుచెదరలేదు.

నాకు ఇంకా దగ్గరగా అనిపించేది కొమర్రాజు లక్ష్మణరావుగారి పని. 1906లో హైదరాబాదులో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పెట్టి చరిత్ర, విజ్ఞానం, జీవితచరిత్రలు తెలుగులో తెచ్చారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాం లింకన్ చరిత్ర వాళ్ళదే. ఆ తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టి చవక ధరకు పుస్తకాలిచ్చారు. దాని వెనక ఉన్నది అమృతాంజనం మీద వచ్చిన డబ్బు. అదే కాలంలో అయ్యంకి వెంకటరమణయ్యగారి లాంటివాళ్ళు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు. ఊళ్ళో గ్రంథాలయం ఉంటే పుస్తకానికి ఒక చోటు ఉన్నట్టే. 1960ల తర్వాత ఎమెస్కోవారు ఇంటింటా గ్రంథాలయం పేరుతో సభ్యులను చేర్చుకుని పోస్టులో పుస్తకాలు పంపారు. నేను చదివిన తొలి నవలలు అలా పక్కింటి మాష్టారికి వచ్చినవే. ఆ తర్వాత వీక్లీ సీరియళ్ళు, అద్దె లైబ్రరీలు. వీటన్నిటిలోనూ చదివేవాడి చిరునామా ప్రచురణకర్తకో, లైబ్రరీవాడికో తెలుసు. మా బాబాయికి తెలియనిది అదే.

2019లో ఆయన పోయాక ఆ కథలు నేను మళ్ళీ టైపు చేశాను. పాత డీటీపీ ఫైళ్ళు, అంటే కంప్యూటరులో పేజీలు కూర్చినవి, పనికి రాలేదు. అను ఫాంట్లలాంటి వాటిలో కొట్టినది కంప్యూటరుకు తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల వెనక దాగిన బొమ్మలు. ఫాంటు లేని చోట అర్థంకాని గుర్తులుగా కనిపిస్తుంది, వెతికితే దొరకదు, యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోతాయి. మీకు డీటీపీ చేసేవాళ్ళు ఎంత చెప్పినా మొదటి టైపింగు యూనికోడ్‌లోనే చేయించండి. తర్వాత ఫేస్‌బుక్‌లో పెట్టాలన్నా, ప్రతిలిపి అనే కథల సైటులో పెట్టాలన్నా, ఈ-బుక్ చేయాలన్నా, అచ్చుకు ఇవ్వాలన్నా అదే ఫైలు పనికొస్తుంది.

ఆన్‌లైన్‌లో వారానికి ఒక బాబాయి కథ పెట్టాను. మొదటి నెలలోనే నల్లగొండ నుంచి ఒకాయన రాశారు: “వడ్లు గుమ్మంలో పోస్తారా సార్? అది గుమ్మి అయి ఉంటుంది.” అటక మీది పుస్తకం తీసి చూశాను. అందులోనూ గుమ్మం అనే ఉంది. బాబాయి చేతిరాతలో స్పష్టంగా గుమ్మి. ధాన్యం దాచే గుమ్మి మా వైపు వాడకంలో లేక, ప్రూఫులో నేనే తప్పనుకుని దిద్దాను. బాబాయి ఒక్క మాట అనలేదు, చూశారో లేదో కూడా తెలియదు. ఇరవై మూడేళ్ళు ఆ మాట తప్పుగా ఉండిపోయింది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కథలు అయ్యేసరికి పుస్తకంగా కావాలని అడిగినవాళ్ళు నూట పదిమంది తేలారు. బెంగళూరు, కర్నూలు, డల్లాస్, ఎక్కువమంది హుజూర్‌నగర్ చుట్టుపక్కలవాళ్ళు. నూట ముప్ఫై వేయించాను. ఆరు వారాల్లో అయిపోయాయి. మరో యాభై వేయించాను. గుమ్మి ఈసారి గుమ్మిగానే ఉంది.

కాబట్టి అచ్చు మానేయమని నేను అనను. ఆన్‌లైన్‌లో చదివినవాళ్ళే పుస్తకం అడుగుతారు. పైగా సైట్లు మూతపడతాయి, పాస్‌వర్డులు పోతాయి. అచ్చయ్యాక కాపీలు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి పంపండి, కొత్త పుస్తకాలు గ్రంథాలయాలకు ఇవ్వాలనే 1954 చట్టం ప్రకారం పంపాల్సిందే కూడా. పుస్తకాన్ని గుర్తించే నంబరు ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితంగానే ఇస్తారు, దానికి వేలల్లో అడిగేవాళ్ళను నమ్మకండి. కథల హక్కు వారసులది, రాసినవాళ్ళు పోయాక తొలిసారి ప్రచురించిన కథలకు అది ప్రచురణ నాటి నుంచి అరవై ఏళ్ళదాకా ఉంటుంది. మేనమామలు, పిన్నులు అందరి ఒప్పుదలా కాగితం మీద తీసుకోండి, తర్వాత మనస్పర్థలు రావు.

ఈ వారం చేయాల్సింది ఒకటే. నోటుపుస్తకాలు పగటి వెలుతురులో పేజీ పేజీ స్కాన్ చేయించి రెండు చోట్ల దాచండి. టైపు చేసేవాళ్ళకు ఏ మాటా దిద్దొద్దని గట్టిగా చెప్పండి. మొదటి కథ అవగానే అమ్మమ్మగారి ఊరు వెళ్ళి, ఆవిడ ఈడువాళ్ళు ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి చదివి వినిపించండి. మీకు తప్పుగా కనిపించిన మాట దగ్గర వాళ్ళేమంటారో రాసుకోండి.