పాత ఫోర్డ్ ట్రక్కులో పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెడితే ఎంతవుతుంది?

మీ బండి 1970 ఫోర్డ్ ఎఫ్-100, 302 వి8 ఇంజిన్, ఇంకా పాయింట్లతోనే (స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న మెకానికల్ స్విచ్) నడుస్తోందన్నారు. అమెరికాలో ఉన్నారు కాబట్టి డాలర్లలోనే చెబుతాను.

ముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్‌లకు స్పార్క్ పంచే భాగం, పాయింట్లు ఉండేది ఇందులోనే) మూత తీసి, లోపలి షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. గట్టిగా ఉంటే అదృష్టమే, పెర్ట్రానిక్స్ ఇగ్నైటర్ లాంటి కిట్ సరిపోతుంది. సుమారు 100 నుంచి 150 డాలర్లు. పాయింట్లు, కండెన్సర్ తీసేసి ఆ చోటే బిగించుకోవచ్చు. షాఫ్ట్ లూజుగా ఊగుతుంటే మాత్రం కిట్ మీద డబ్బు పెట్టకండి. పూర్తి డిస్ట్రిబ్యూటరే మార్చాలి, దానికి 250 నుంచి 400 దాకా అవుతుంది.

కాయిల్ (స్పార్క్‌కు కావలసిన ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది), ప్లగ్ వైర్లు, 8 స్పార్క్ ప్లగ్‌లు పాతవైతే మరో 150 వేసుకోండి. మెకానిక్ చేత చేయిస్తే ఒకటి రెండు గంటల కూలి అదనం. స్క్రూడ్రైవర్ పట్టడం వస్తే ఇంట్లోనే ఒక పూటలో అయిపోయే పని.

చాలామంది దెబ్బతినేది వైరింగ్ దగ్గరే. ఫోర్డ్‌లో ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే గులాబీ రంగు వైరు నిజానికి రెసిస్టర్. దాన్ని దాటేసరికి వోల్టేజీ పడిపోతుంది. కిట్ ఎర్ర వైరుకు పూర్తి 12 వోల్టులు కావాలి, అందుకే ఆ రెసిస్టర్‌కు ముందు నుంచే కరెంటు తీసుకోండి. ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేస్తే కిట్‌లోని ఎలక్ట్రానిక్ మాడ్యూల్ కాలిపోవచ్చు, జాగ్రత్త. తీసిన పాయింట్లను పారేయకుండా డాష్‌బోర్డు అరలో దాచుకోండి.