పిల్లల జట్టు చేతికొచ్చిన మేనల్లుడికి

చిరంజీవి శీనుకు మామయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. "బూట్లు విప్పేశాను మామయ్యా. 13 ఏళ్ల లోపు పిల్లల్ని కోచింగ్‌కు అప్పగించారు. వాళ్ల ముందు నిలబడితే, పెనాల్టీ కొట్టేటప్పుడు కూడా లేనంత టెన్షన్ వస్తోంది" అన్నావు. పెనాల్టీ పోతే ఒక మ్యాచ్ పోతుంది. ఇక్కడ పోయేది ఒక పిల్లాడికి ఆట మీదున్న ఇష్టం. అందుకే నీకు భయం వేసిందంటే నాకు సంతోషమే వేసింది.

ఫోన్లో అన్నీ చెప్పలేకపోయాను కాబట్టి రాస్తున్నాను. నీలాగే గోల్స్ కొట్టి బతికి, తర్వాత కుర్రాళ్ల జట్టు పగ్గాలు పట్టిన ఒక టర్కీ ఫుట్‌బాల్ ఆటగాడి కథ నీకు చెప్పాలి. పేరు ఫెయ్యాజ్ ఉచార్. మనవైపు ఫయ్యాజ్ అంటామే, అదే పేరు. ఉచార్ అంటే వాళ్ల భాషలో "ఎగురుతాడు" అని. ఆయన ఆడిన బెషిక్‌తాష్ క్లబ్బు గుర్తు నల్ల గద్ద. పేరు ఎంత చక్కగా కుదిరిందో చూడు.

2008 నుంచి అయిదేళ్లు నేను ఇస్తాంబుల్‌లో ఉన్నాను కదా, మన జీఎంఆర్ వాళ్లు భాగస్వాములుగా కట్టిన సబీహా గోక్చెన్ విమానాశ్రయం టెర్మినల్ పని మీద. సైటులో నేను మొదట నేర్చుకున్న టర్కీ మాటల్లో "అల్త్‌యాపి" ఒకటి. డ్రైనేజీ, నీళ్ల పైపులు, కేబుళ్లు, నేల కింద పూడ్చేసే పని అంతా అల్త్‌యాపే. మా ఫోర్‌మన్ బెషిక్‌తాష్ అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆదివారాలు పెందిక్‌లో తమ పేట పిల్లలకు ఆట నేర్పేవాడు. ఒక ఆదివారం నన్ను తీసుకెళ్లి, ఆ పిల్లల్ని చూపించి, "ఇదీ మా అల్త్‌యాపి" అన్నాడు. నాకు తప్పు వినిపించిందేమో అనుకున్నాను. కాదు, టర్కీలో క్లబ్బుల్లో పిల్లల విభాగాన్ని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. పైన గాజు టెర్మినల్ ఎంత వెలిగిపోతున్నా, కింద పైపు వేసినవాడి పేరు ఎవరికీ తెలియదు. అయినా ఆ పైపు లేకపోతే రెండో రోజే మూసేయాలి. నువ్వు ఇప్పుడు పైనుంచి కిందికి దిగావు శీనూ. స్టేడియంలో నీ పేరు అరిచే పని అయిపోయింది.

ఫెయ్యాజ్ పేరు ఎలా అరిచేవారో ఆ ఫోర్‌మన్ చెప్పేవాడు. ఒక్కడి పేరు కాదు, మెతిన్, అలీ, ఫెయ్యాజ్ అని మూడు పేర్లు ఒకే ఊపిరిలో. మెతిన్ తెకిన్, అలీ గుల్తికెన్, ఈయన. 1989 అక్టోబర్ 15న బెషిక్‌తాష్ అదానా దెమిర్‌స్పోర్‌ను 10-0తో ఓడించింది. ఆ పది గోల్స్‌లో అలీవి నాలుగు, మెతిన్‌వి మూడు, ఫెయ్యాజ్‌వి మూడు. నాలుగో మనిషి గోల్ ఒక్కటీ లేదు. ఆ సీజన్‌లో లీగు మొత్తంలో ఎక్కువ గోల్స్ ఫెయ్యాజ్‌వే, 28. కోచ్ గోర్డన్ మిల్న్ అనే ఇంగ్లిషాయన. 1990, 91, 92 వరసగా మూడేళ్లూ టైటిల్ వాళ్లదే. 1991-92లో అయితే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

ఈ అంకెలు నీకు రాయడానికి కారణం ఉంది. 28 గోల్స్ కొట్టినవాడి పేరు కూడా అభిమానుల నోట మూడో పేరుగానే వచ్చింది. గోల్ ఒక్కడిది కాదని మర్చిపోవడమే, స్ట్రైకర్‌గా బతికినవాడికి పిల్లల దగ్గర మొదట వచ్చే తెగులు. మనం ఆటను గోల్‌పోస్టు వైపు నుంచే చూస్తాం. ప్రాక్టీసులో సగం టైము షూటింగుకే ఇచ్చేస్తాం. వరసలో నిలబడి ఒక్కొక్కడూ ఒక తన్ను తన్ని మళ్లీ వెనక్కి వెళ్తాడు. నిమిషం కొట్టుడు, పది నిమిషాలు ఎదురుచూపు. అలా చేయకు. నలుగురు నలుగురిగా చిన్న గ్రౌండ్లలో ఆడించు. అందరి కాలికీ బంతి తగులుతుంది. మొదటి నెల నువ్వు వెనక ఎడమవైపు ఆడే లెఫ్ట్ బ్యాక్ పిల్లాణ్ని మాత్రమే చూడు. వాడికి బంతి ఎన్నిసార్లు వచ్చింది, వచ్చే ముందు తల తిప్పి చూశాడా, ఎవరికిచ్చాడు, ఇవన్నీ రాసుకో.

ఇంకొకటి, ఇది అన్నిటికంటే కష్టం. నీకు గోల్ కొట్టడం వచ్చు, ఎలా కొడతావో నీకు తెలియదు. కోపం తెచ్చుకోకు, నాకూ తెలిసేది కాదు. బంతి ఎక్కడ పడుతుందో మన ఒంటికి తెలుస్తుంది, నోటికి తెలియదు. పిల్లాడు "ఎలా సార్?" అంటే "అలా వచ్చేస్తుంది రా" అంటాం. అది జవాబు కాదు. నీ పాత మ్యాచ్‌ల వీడియోలు ఏమైనా ఉంటే పెట్టుకుని, గోల్‌కు ముందు అయిదు సెకన్లు ఆపి ఆపి చూడు. డిఫెండర్ భుజం వెనక ఎందుకు దాక్కున్నావు? ముందుకు రెండడుగులు వేసి ఎందుకు ఆగిపోయావు? బంతి రాకముందే కీపర్‌ను ఎన్నిసార్లు చూశావు? ఒక్కో కదలికకూ ఒక మాట వెతుక్కో, 12 ఏళ్ల పిల్లాడికి అర్థమయ్యే తేలిక మాట. నాకు ఈ పనికి రెండేళ్లు పట్టింది. అప్పటిదాకా నువ్వు స్వయంగా షాట్ కొట్టి చూపించడం తగ్గించు. నీ షాట్ చూసి వాళ్లు చప్పట్లు కొడతారు, నేర్చుకోరు.

టర్కీలో కోచ్‌ను "హోజా" అంటారు, పిలిచేటప్పుడు "హోజమ్". బడిలో టీచర్నీ అదే మాటతో పిలుస్తారు. పారశీకం నుంచి వచ్చిన మాట, మన హైదరాబాదులో వినపడే ఖ్వాజా కూడా అక్కడిదే. ఫెయ్యాజ్ తరం కుర్రాళ్లను బెషిక్‌తాష్‌లో తయారుచేసిన సెర్పిల్ హమ్ది త్యుజ్యున్ అలాంటి హోజా. పెద్ద జట్టు టైటిళ్ల ఫొటోల్లో కనిపించేది ఆటగాళ్లు. మా ఫోర్‌మన్ మాత్రం ఆ హోజా పేరు ఎత్తినప్పుడల్లా చేతిలో టీ గ్లాసు కింద పెట్టేవాడు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. తిరిగొచ్చాక కోచ్‌గా నాకు అప్పగించిన మొదటి బ్యాచ్‌లో ఒక పిల్లాడు ఉండేవాడు. 12 ఏళ్లకే మిగతావాళ్లకంటే జానెడు ఎత్తు. బంతి పైకి వేస్తే చాలు, గోల్. ఏడాదంతా వాణ్ని ముందు నిలబెట్టి మ్యాచ్‌లు గెలిచాను. బంతి ఆపడం, తిప్పడం, చూసి ఇవ్వడం ఏదీ నేర్పలేదు, అవసరం పడలేదు కదా అని. 15 ఏళ్లు వచ్చేసరికి మిగతావాళ్లందరూ వాడి ఎత్తుకు వచ్చేశారు. వాడి దగ్గర ఏమీ మిగల్లేదు. ఒకరోజు బూట్ల సంచి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ సంచి ఇంకా నా దగ్గరే ఉంది. వాడు జనవరిలో పుట్టాడు. వయసు లెక్క జనవరి 1 నుంచి వేస్తారు కాబట్టి, జనవరి పిల్లాడు డిసెంబర్ పిల్లాడికంటే దాదాపు ఏడాది పెద్ద. ఆ వయసులో ఏడాది అంటే మామూలు తేడా కాదు. అందరి పేర్ల పక్కన పుట్టిన నెల రాసుకో. చివరి నెలల్లో పుట్టి, చిన్నగా ఉండి, అయినా బంతి వదలని పిల్లాడు కనపడితే వాణ్ని కాపాడుకో.

ఇక గెలుపోటముల సంగతి. 2013లో 20 ఏళ్ల లోపు ప్రపంచకప్ టర్కీలో జరిగింది. సొంత గడ్డ, ఆ జట్టుకు కోచ్ ఫెయ్యాజ్ ఉచార్. వాళ్లు గ్రూపు దాటారు గానీ, గాజియాన్‌తెప్‌లో ఫ్రాన్స్ చేతిలో 1-4తో ఓడి ఇంటికెళ్లారు. పాల్ పోగ్బా ఉన్న ఆ ఫ్రాన్స్ జట్టే చివరికి ఇస్తాంబుల్‌లో కప్పు ఎత్తింది. టర్కీ ఓడిన మర్నాడు మా క్యాంటీన్‌లో అందరూ తలలు దించుకుని తిన్నారు. కోచ్‌ని తిట్టినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ టర్కీ కుర్రాళ్లలో హకాన్ చల్హానోలు ఉన్నాడు. తర్వాత ఇంటర్ మిలాన్ మధ్యవరసను నడిపాడు, దేశానికి కెప్టెన్ అయ్యాడు. ఆ ఘనత అంతా ఫెయ్యాజ్‌దే అనను, ఆ కుర్రాడిని చాలామంది పెంచారు. అయితే 1-4 స్కోరు చూసి ఆ జట్టును కొట్టిపారేసినవాళ్లు తొందరపడ్డారని మాత్రం గట్టిగా అంటాను. నీ లెక్క కూడా ఈ సీజన్ పాయింట్లలో తేలదు. కమిటీవాళ్లు పాయింట్లే అడుగుతారు. అడిగినప్పుడు ఓపికగా చెప్పు, పిల్లల మీదకి ఆ ఒత్తిడి రానివ్వకు.

ఇంకో బాధ కూడా వస్తుంది, ముందే చెబుతున్నాను. నువ్వు తయారుచేసినవాణ్ని వేరే క్లబ్బు పట్టుకుపోతుంది. ఫెయ్యాజ్ అంతటివాడే 1994లో బెషిక్‌తాష్ వదిలి, పోటీ క్లబ్బు ఫెనర్‌బాహ్చేకి వెళ్లాడు. మా ఫోర్‌మన్ ఆ మాట చెప్పేటప్పుడు, పదిహేనేళ్ల తర్వాత కూడా గొంతు మారిపోయేది. అయినా ఆ మనిషి మీద ప్రేమ చావలేదు. చాలా ఏళ్ల తర్వాత ఫెయ్యాజ్ అదే బెషిక్‌తాష్ పాలకవర్గంలోకి వచ్చాడు. కాబట్టి నీ పిల్లాడు వెళ్తానంటే మొహం తిప్పుకోకు. వాళ్ల కొత్త కోచ్‌కి ఫోన్ చేసి, వీడి ఎడమ మోకాలు సంగతి, వీడు ఎప్పుడు అలుగుతాడు, అన్నీ చెప్పి పంపించు.

మోకాలు అంటే గుర్తొచ్చింది. 11 నుంచి 14 ఏళ్ల మధ్య చాలామందికి మోకాలి చిప్ప కింద గుబ్బలా ఉన్న ఎముక దగ్గర నొప్పి వస్తుంది. ఎదిగే వయసులో పరుగులు, తన్నుడు ఎక్కువైతే వచ్చేది. నటిస్తున్నాడని అనకు. నా చిన్నప్పుడు నన్నలాగే అన్న కోచ్ ఒకాయన ఉండేవాడు, ఆ నొప్పితోనే రెండు టోర్నమెంట్లు ఆడాను. డాక్టరుకు చూపించి, ప్రాక్టీసు తగ్గించు. తలతో బంతి కొట్టే హెడర్ల విషయంలో కూడా జాగ్రత్త. అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే 10 ఏళ్లు, అంతకన్నా చిన్న పిల్లలకు హెడర్లు మాన్పించింది. 11 నుంచి 13 ఏళ్లవాళ్లకు ప్రాక్టీసులో పరిమితి పెట్టింది. నీ పిల్లలు సరిగ్గా ఆ వయసువాళ్లే. కోచింగ్ లైసెన్సు కోర్సుకు వెంటనే దరఖాస్తు పెట్టు, నువ్వు ఆడిన ఆట ఆ సర్టిఫికెట్‌కు బదులు కాదు.

తల్లిదండ్రులు గీత పక్కన నిలబడి అరుస్తారు. మొదటి రోజే అందరినీ కూర్చోబెట్టి, మర్యాదగా, "మ్యాచ్ జరిగేటప్పుడు పిల్లాడికి ఒక్క గొంతే వినపడాలి" అని చెప్పు. నువ్వు కూడా ఆ గొంతు తక్కువగా వాడు.

దసరాకి వచ్చేటప్పుడు నోట్‌బుక్ పట్టుకురా. మొదటి పేజీలో పిల్లలందరి పేర్లు, పుట్టిన నెలలు ఉండాలి. రెండో పేజీలో ఆ లెఫ్ట్ బ్యాక్ గురించి నువ్వు రాసింది చదవాలి. అత్తయ్య నీకు సున్నుండలు చేసి పెడతానంటోంది. ఆ బూట్ల సంచి కూడా నీకు చూపిస్తాను.

నీ మామయ్య