టెక్ సందేహాలు: వైరు కదిపితే వచ్చే కరెంటు

"నా రౌటర్ మాటిమాటికీ ఆగిపోతోంది. వైరు కాస్త కదిపితే మళ్లీ వస్తోంది. ఏం చేయాలి?"

అలవాటు కొద్దీ అడాప్టర్ మార్చి చూశారా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశారా అంటూ సగం జవాబు రాసేశాను. తర్వాత ఫొటో తెరిచి చూస్తే అది వైఫై రౌటర్ కాదు, చెక్కకు అంచులు తీసే రౌటర్. వెనకాల, దూర్చి పావు చుట్టు తిప్పి బిగించే పవర్ కేబుల్. చెక్కను నునుపు చేసే శాండర్లు, వంపులు కోసే జిగ్‌సాలు వాడేవాళ్ల నుంచి కూడా ఇదే ఫిర్యాదు వస్తూనే ఉంది కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

వైఫై రౌటర్ ఆగిపోయి దానంతటదే మళ్లీ వస్తే హమ్మయ్య అనుకుంటాం. చెక్క రౌటర్ అలా చేస్తే వేళ్లు పోతాయి. నన్ను అన్నిటికంటే భయపెట్టేది ఇదే. మెషీన్ ఆగింది. స్విచ్ ఆన్‌లోనే లాక్ అయి ఉంది. మీరు దాన్ని పక్కకు వాల్చి, "ఏమైందబ్బా" అని ఒక చేత్తో వైరు కదుపుతున్నారు. రెండో చెయ్యి ఎక్కడుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ క్షణంలో కాంటాక్ట్ కలిస్తే నిమిషానికి ఇరవై వేల చుట్లు తిరిగే బిట్టు, అంటే చెక్కను కోసే పదునైన ముక్క అది. కరెంటు పోయి వచ్చినా స్విచ్ మళ్లీ నొక్కేదాకా కదలని ఏర్పాటు కొన్ని మెషీన్లలో ఉంటుంది, చాలావాటిలో ఉండదు. మీదాంట్లో ఉందో లేదో తేల్చుకోండి. ముందు ప్లగ్ పీకి, బిట్టు, దాన్ని పట్టి ఉంచే కొల్లెట్, దాని నట్ అన్నీ తీసేయండి. మెషీన్‌ను బల్లకు క్లాంపులతో బిగించి, బాగున్న కేబుల్‌తో ఆన్ చేసి స్విచ్ లాక్ చేయండి. ఇక గోడ దగ్గర ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. దానంతటదే తిరిగిందంటే ఆ రక్షణ లేనట్టే. అలాంటి మెషీన్ పని మధ్యలో ఆగితే మొదట చేయాల్సింది స్విచ్ ఆఫ్ చేసి, గోడ దగ్గర ప్లగ్ పీకడం. వైరు సంగతి ఆ తర్వాత.

ఇక రెండో ప్రమాదం వేడి. "ఎంసీబీ పడిపోలేదు కదా, ఏం కాదులే" అని ముగ్గురు రాశారు. పడదండీ, కరెంటు మోతాదు మించితే పడే స్విచ్ అది, ఇది దాని పని కాదు. కాంటాక్ట్ లూజైతే కరెంటు పెరగదు, ఇంకాస్త తగ్గుతుంది. కరెంటు నేలలోకి కారితే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ కూడా చూస్తూ ఊరుకుంటుంది, ఎందుకంటే వెళ్లిన కరెంటు వెళ్లినట్టే తిరిగొస్తోంది, నేలలోకి కారడం లేదు. కానీ లెక్క చూడండి. 1400 వాట్ల మెషీన్ 230 వోల్టుల దగ్గర 6 ఆంపులు తీసుకుంటుంది. పిన్ను దగ్గర అర ఓం నిరోధం చేరితే, ఆరుని ఆరుతో గుణించి సగం చేయండి: 18 వాట్లు. టంకం వేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అంటే రంపపొట్టు దట్టించిన ప్లాస్టిక్ డబ్బాలో ఇంచుమించు ఒక సోల్డరింగ్ ఐరన్ పెట్టి మూత వేసినట్టు.

మల్టీమీటర్‌తో చూశాం, బీప్ వచ్చిందన్నవాళ్లకు: ఆ బీప్‌ని నమ్మకండి. మీటరు పంపేది మహా అయితే ఒకటో రెండో మిల్లీఆంపులు. పదుల ఓంలున్నా చాలా మీటర్లు బీప్ అంటాయి. ఒక 0.75 కేబుల్‌లో (అంటే 0.75 చదరపు మిల్లీమీటర్ల మందం) ఒక్కో వైరుకు వెంట్రుకల్లాంటి రాగి పోగులు 24 ఉంటాయి. అందులో 23 తెగిపోయి ఒక్కటి మిగిలినా మీటరుకు అంతా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. మెషీన్ లోడ్ మీద నడిచేటప్పుడు ఆ ఒక్క పోగు గతేమిటో చెప్పక్కర్లేదు.

కళ్లతో చూడటమే మేలు. ప్లగ్ పీకేసి, కేబుల్ ఊడదీసి, టార్చి వేసి మెషీన్ వైపు పిన్నులు చూడండి. మెరుస్తుంటే సరే. ఒక పిన్ను గోధుమ రంగుకు తిరిగినా, మీద చిన్న చిన్న గుంటలు పడినా, చుట్టూ ప్లాస్టిక్ ఉబ్బినట్టున్నా, కాలిన వాసన వచ్చినా కేసు తేలిపోయింది. అన్నీ బాగుండి, కనెక్టర్ నుంచి వైరు బయటికొచ్చే చోట మెత్తగా విరిగినట్టు అనిపిస్తే లోపల పోగులు తెగాయి. పని చేస్తుంటే రోజంతా మెలికపడేది అక్కడే.

చాలామంది బోల్తా పడే విషయం ఇంకోటుంది. నేనూ పడ్డాను. నా శాండర్ ఆగి ఆగి నడుస్తుంటే కొత్త కేబుల్ కొన్నాను. నెల తిరక్కుండా అదీ అంతే. రెండోదీ అంతే. కేబుళ్లు నాసిరకమని తిట్టుకుంటూ ఒకరోజు మెషీన్ లోపలికి చూస్తే, ఎడమ పిన్ను మాడిపోయి గరుకుగా ఉంది. కొత్త కేబుల్ పెట్టిన ప్రతిసారీ ఆ పిన్ను దాని లోపలి స్ప్రింగును వేడెక్కించి పట్టు పోగొడుతోంది. ఇది అంటురోగమే. ఒకే కేబుల్‌ని నాలుగు మెషీన్లకు మార్చి మార్చి వాడేవాళ్లయితే మరీను: మాడిన పిన్ను కేబుల్‌ని చెడగొడుతుంది, ఆ కేబుల్ మిగతా మూడింటి పిన్నుల్ని మాడుస్తుంది. మార్చాల్సి వస్తే మెషీన్ వైపు సాకెట్, కేబుల్ రెండూ ఒకేసారి మార్చండి. గీసి, అరగదీసి సరిపెట్టకండి, పై పూత పోతే ఇంకా త్వరగా మాడుతుంది. తుప్పు వదిలించే నూనె స్ప్రేలు అసలే కొట్టొద్దు, పొట్టు ఆ జిడ్డుకు పేస్టులా అతుక్కుంటుంది. దుమ్ము మాత్రమే ఉంటే వాక్యూమ్, మెత్తటి బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. అది పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టండి.

మన తప్పు కూడా కొంత ఉంది. స్విచ్ ఆన్‌లో ఉండగానే కేబుల్ తిప్పి లాగేస్తాం. అలా లాగిన ప్రతిసారీ లోపల ఒక స్పార్క్, స్పార్క్ పడ్డ ప్రతిసారీ ఒక గుంట. సగం తిప్పి వదిలేసేవాళ్లు ఇంకొందరు.

అయినా సగం తిప్పినా మెషీన్ నడిచేలా చేసిందెవరు? తాళం పూర్తిగా పడితే తప్ప కరెంటు అందకుండా చేయడం పెద్ద విద్యా? ఈ మధ్య పవర్ టూల్స్‌లో బ్లూటూత్ పెడుతున్నారు. యాప్ ఇస్తున్నారు. ఫోన్‌లో స్పీడు మార్చుకోవచ్చట, అప్‌డేట్లు కూడా వస్తాయట. పిన్ను వేడెక్కితే మెషీన్‌ను ఆపేసే బియ్యపుగింజంత సెన్సర్ మాత్రం ఎవరికీ గుర్తురాదు. అరిగిపోయేది కనెక్టర్ లోపలి రెండు రేకులైతే, దాన్ని విప్పడానికి వీల్లేకుండా అచ్చుపోసి నాలుగు మీటర్ల కేబుల్‌తో సహా కొనమంటారు. ఊడదీసే కేబుల్ అనే ఆలోచన మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. వైరు తెగితే మెషీన్ విప్పకుండా నిమిషంలో మార్చుకోవచ్చనే కదా అది పుట్టింది! కానీ ఒక కంపెనీ కేబుల్ ఇంకో కంపెనీ మెషీన్‌లో చాలాసార్లు దూరదు. ఫోన్ ఛార్జర్ల దగ్గర ఇన్నేళ్లు పడిన తిప్పలే ఇక్కడా. సరే, ప్రశ్నలకొద్దాం.

"నా స్క్రోల్ సా రంపానికి కంప్యూటర్ వెనక పెట్టే మూడు పిన్నుల వైరు సరిపోతోంది. పాత మానిటర్‌ది వాడుకోవచ్చా?"

దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ఆ కనెక్టర్ పేరు సీ13. ఐఈసీ 60320 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 10 ఆంపుల వరకు పనికొస్తుంది. కానీ అది కదలకుండా కూర్చునే వస్తువుల కోసం చేసింది. తాళం ఉండదు, వణికే మెషీన్ మీద మెల్లగా జారి బయటికొస్తుంది. వైరు మీద అచ్చు చదవండి: 3 పక్కన 0.75 గానీ 1.0 గానీ ఉండాలి. అంతకంటే తక్కువుంటే, ఏమీ రాసి లేకపోతే మరీ ముఖ్యంగా, మెషీన్ దగ్గరికి రానివ్వకండి. ఎర్త్ పిన్ను ఉండి లోపల ఎర్త్ వైరు లేని నకిలీలు కూడా ఉన్నాయి. మెషీన్‌ది లోహపు ఒళ్లయితే ఆ ఒక్క వైరే మీ ప్రాణానికి రక్ష. వైరు గోడలోంచీ మెషీన్‌లోంచీ పీకేశాక, ఆ చివర ఎర్త్ నుంచి ఈ చివర ఎర్త్‌కి మీటరు పెట్టి చూడండి. బీప్ రాకపోతే చెత్తబుట్టే. వచ్చినా ఎర్త్ వైరు ఉందని మాత్రమే అర్థం. పాత వైరు తెగ్గోసి పారేసేముందు ఒక పోగు బ్లేడుతో గీకండి. పైన రాగి రంగు, లోపల తెలుపు కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. అదే రకం ఇంకోటి ఇంట్లో ఉంటే దాన్నీ తీసేయండి.

"కనెక్టర్ మాడిపోతే కోసేసి, రెండు వైర్లు మెలేసి టేప్ చుట్టాను. ఆరు నెలలుగా బాగానే నడుస్తోంది."

ఫొటో కూడా పంపారు. టేప్ అంచుల్లోంచి జిగురు కరిగి కారి, దాని మీద పొట్టు గట్టిగా అంటుకుని ఉంది. ఆ జిగురు ఊరికే కారదు సర్, వేడికి కారుతుంది. ఇవాళే ప్లగ్ పీకి, టేప్ విప్పి చూడండి. సాకెట్ దొరక్కపోతే తెలిసిన మెకానిక్ చేత మామూలు కేబుల్‌నే మెషీన్ లోపలి టెర్మినళ్లకు నేరుగా బిగించుకోండి, బయటికొచ్చే చోట వైరు లాగినా కదలకుండా గట్టి క్లాంప్ వేయమనండి. మెషీన్ వారంటీలో ఉంటే ముందు సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లండి. విప్పితే వారంటీ పోవచ్చు.