నవ్వులపాలైన నాయిక కథ ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న: నేనొక ప్రేమ హాస్య నవల రాస్తున్నాను. నిశ్చితార్థం రోజున, మైకు ఆపేశారనుకుని కథానాయిక తన స్నేహితురాలితో కాబోయే అత్తగారి గురించి, ఆవిడ పెట్టిన చీర గురించి అన్న మాటలు ఫంక్షన్ హాలంతా వినిపిస్తాయి. సంబంధం తప్పిపోతుంది. ఆ వీడియో బంధువుల వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టివస్తుంది. ఆమె అమలాపురంలోని అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోయి, అక్కడ ఒక యువకుడి పరిచయంతో తనను తాను తెలుసుకుంటుంది. రాతప్రతి చదివిన మిత్రులు మొదటి అధ్యాయానికి బాగా నవ్వామనీ, ఆ తరువాత నాయిక మీద జాలి తప్ప మరేమీ కలగలేదనీ అంటున్నారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మైకు ఆగకపోవడం ప్రమాదమే కాని, అందులోంచి వినిపించిన మాటలు మాత్రం ఆమెవే. నవల సాగినకొద్దీ అందరూ ఆ ప్రమాదం గురించే మాట్లాడుకుంటూ, ఆ మాటల సంగతి ఎవరూ, చివరికి ఆమె కూడా, పట్టించుకోకపోతే, నాయిక అన్యాయమైపోయిన అమాయకురాలిగా మిగిలిపోతుంది. తన తప్పేమీ లేని అమాయకురాలికి తనను గురించి కొత్తగా తెలుసుకోవలసినది కూడా ఏమీ ఉండదు. మీ మిత్రులకు జాలి ఒక్కటే కలగడానికి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఈ తరహా కథలకు పెద్దదిక్కు వంటి జేన్ ఆస్టిన్ 1813లో వెలువడిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో నాయిక ఎలిజబెత్‌కు ఇటువంటి అవమానాలను ఒకటి కాదు, రెండు కల్పించింది. మెరిటన్ ఊళ్లో జరిగిన నృత్యసభలో, తనతో నాట్యం చేయాలనిపించేంత అందగత్తె కాదంటూ సంపన్న యువకుడు డార్సీ ఆమెకు వినబడేలాగే తీసిపారేస్తాడు. ఎలిజబెత్ ఆ సంగతిని తానే స్నేహితులకు హుషారుగా చెప్పి నవ్విస్తుంది. అందువల్ల ఆమె మీద జాలిపడే అవకాశం మనకు రాదు. రెండవది నెదర్‌ఫీల్డ్ విందులో జరుగుతుంది. పెద్దకూతురికి గొప్ప సంబంధం కుదిరిపోయినట్లే తల్లి నలుగురూ వినేలా చెప్పుకోవడం, చెల్లెలు మేరీ పాట ఒక పట్టాన ఆపకపోవడం, బంధువు కాలిన్స్ పిలవని పేరంటంగా వెళ్లి డార్సీని పలకరించడం చూసి ఆమె సిగ్గుతో కుంచించుకుపోతుంది. అయితే ఆ రాత్రి ఆమె నేర్చుకున్నది ఏమీ లేదు. అరవై ఒక్క అధ్యాయాల ఆ నవలలో అసలు మలుపు ముప్పై ఆరవ అధ్యాయంలో వస్తుంది. డార్సీ పెళ్లి ప్రస్తావనను మొహం మీదే తిరస్కరించిన మరునాడు అతడు చేతికిచ్చిన ఉత్తరాన్ని ఒంటరిగా నడుస్తూ, మళ్లీమళ్లీ చదివినప్పుడు గాని, మనుషులను అంచనా వేయడంలో తనంతటిది లేదనుకున్న తాను ఇంతకాలం అహంకారానికి లొంగి గుడ్డిగా నడుచుకున్నానని ఆమె గ్రహించలేదు. ఆ సమయంలో డార్సీ పక్కన లేడని గమనించండి.

మీ నవలలోని యువకుడు మూడవ అధ్యాయానికే వచ్చి ఆమె కన్నీళ్లు తుడవడం మొదలుపెడితే ఆమె పనిని అతడే చేసేసినట్లవుతుంది. అతణ్ని కొంతకాలం దూరంగా ఉంచి, ముందు అమ్మమ్మకు మాట ఇవ్వండి. మనుమరాలి ఫోనులో ఆ వీడియోను తీరిగ్గా చూసి, “చీర సంగతి నువ్వన్నది నిజమేనే, కాని నచ్చలేదని వాళ్లు చూపించిన రోజే ఎందుకనలేదు?” అని ఆవిడ అడిగితే, మీ నవల అక్కడ మొదలవుతుంది. ఎందుకంటే మీ నాయిక నలుగురి ముందూ తల ఊపి, ఆ తరువాత చాటున గుసగుసగా నిజం చెప్పుకునే మనిషి. చీర విషయంలోనే కాదు, బహుశా ఆ సంబంధం విషయంలోనూ అదే చేసి ఉంటుంది. మైకు చేసినదల్లా ఆ చాటును తీసేయడమే. ఇక ప్రేమకథలో ఆమెకు పెట్టవలసిన పరీక్ష ఏమిటో మీకే తెలుస్తుంది: తనకు నచ్చిన మనిషికే, అతని వాళ్లందరూ కూర్చుని ఉండగా, నచ్చని మాట ఒకటి మర్యాద తప్పకుండా మొహం మీద చెప్పగలగాలి. అది హాస్యంగానూ రాయవచ్చు. అమ్మమ్మ ఉన్న ఇంట్లో హాస్యానికి లోటుండదు.

ప్రశ్న: ఇటువంటి కథల్లో నవ్వులపాలయ్యేది ఎప్పుడూ నాయికే కావాలా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అవసరం లేదు. 1815 డిసెంబరులో వెలువడిన ‘ఎమ్మా’లో ఆస్టిన్ దీనినే తలకిందులు చేసింది. బాక్స్ హిల్ మీద వనభోజనంలో ప్రతివారూ ఒక చమత్కారమైన మాటో, లేదా మూడు చప్పటి మాటలో చెప్పాలని ఆట పెట్టుకున్నప్పుడు, చప్పటివి మూడూ తాను చెప్పగలనని అమాయకంగా అన్న పేదరాలు మిస్ బేట్స్‌ను, మూడింటితో ఆగడమే మీకు కష్టమని ఎమ్మా ఎగతాళి చేస్తుంది. నొచ్చుకున్నది మిస్ బేట్స్. కుటుంబ మిత్రుడు నైట్లీ మందలించిన తరువాత దారి పొడవునా ఏడ్చినది మాత్రం ఎమ్మా. మరునాటి ఉదయమే ఆమె మిస్ బేట్స్ ఇంటికి వెళుతుంది. నైట్లీ మీద తనకున్నది ప్రేమ అని గ్రహించడం ఆ తరువాతి సంగతి.

ప్రశ్న: నాయకుడికి ఎంత అవమానం జరిగినా బుద్ధి రాకపోతే?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీ ఊరివారే ఈ ప్రశ్న అడగడం సంతోషం. ‘కన్యాశుల్కం’లో గిరీశం ప్రయాణం పైకి అచ్చంగా ఈ తరహా కథలాగే ఉంటుంది. మధురవాణి ఇంట్లో పూటకూళ్లమ్మకు దొరక్కుండా మంచం కిందికి దూరవలసి వస్తుంది. పట్నంలో పరువు, అప్పు పుట్టే వీలు రెండూ పోయాక శిష్యుడి వెంట కృష్ణరాయపురం అగ్రహారం చేరి, అక్కడ బుచ్చమ్మకు ప్రేమపాఠాలు మొదలుపెడతాడు. ఊరు మారుతుంది, మాటల బాణీ మారుతుంది, మనిషి మాత్రం వీసమెత్తు మారడు. చివరికి సౌజన్యారావు పంతులు వెళ్లగొట్టినప్పుడు కూడా ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అని కథనే తప్పుపడతాడు గాని తనను కాదు. గురజాడ అతనికి పెళ్లి చేయలేదు. మీ నాయకుడు కూడా చివరిదాకా మారనివాడైతే ఆ రచనను వ్యంగ్యంగానే నడిపించి, ఆఖరి అధ్యాయంలోని పెళ్లిపందిరిని మొహమాటం లేకుండా తీసేయండి.