రెండు మూడేళ్ళ పిల్లలతో ఎడారి పార్కులకా? తప్పకుండా వెళ్ళండి, కానీ వాళ్ళను చంక నుంచి దింపండి

కడప నుంచి ఒకావిడ అడిగారు: "సెప్టెంబరు చివర్లో అమెరికాలో ఉన్న అన్నయ్య వాళ్ళింటికి పోతున్నాం. పాపకు మూడేళ్ళు, బాబుకు రెండు దాటాయి. యూటా వైపు ఎడారి నేషనల్ పార్కుల్లో ఈ పిల్లలతో నడవగలమా? ఇంట్లో అందరూ వద్దంటున్నారు."

నడవగలరు. మాది అనంతపురం. మా బాబుకు రెండున్నరేళ్ళప్పుడు, ఇదే సెప్టెంబరు చివర, డెన్వర్‌లో ఉండే మా మరిది వాళ్ళింటికి వెళ్ళాం. అక్కడి నుంచి కారులో ఆరు గంటలు పోతే యూటాలో మోయాబ్ అనే చిన్న ఊరు వస్తుంది. దాని పక్కనే ఆర్చెస్ నేషనల్ పార్కు. మా తోడికోడలి కూతురికి అప్పుడు మూడేళ్ళు. అంటే మీ పిల్లల ఈడే.

ముందు మీ ఇంట్లోవాళ్ళ మాట. "ఆ వయసులో వాళ్ళకేం గుర్తుంటుంది, డబ్బు దండగ" అంటున్నారు కదా? మాకూ ఇదే చెప్పారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. జోలపాట గుర్తుండదని పాడటం మానేస్తామా? గోరుముద్దలు గుర్తుండవని తినిపించడం మానేస్తామా? గుర్తుండటం కోసం కాదు, ఆ పూట వాళ్ళు మట్టిలో కాళ్ళు పెట్టడం కోసం తీసుకెళ్ళాలి. మా వీధిలో పిల్లలు నేల మీద నడవడమే తగ్గిపోయింది. గడప దాటితే చంక, చంక దిగితే స్కూటరు, స్కూటరు దిగితే ఫోను. పార్కుకు తీసుకెళ్దామంటే అంతా సిమెంటు టైల్సు, పెద్దవాళ్ళ వ్యాయామం మిషన్లు. పిల్లాడు ఇంత మన్ను పట్టుకుంటే చాలు, "ఛీ, కింద పడెయ్" అని నలుగురు అరుస్తారు. మూడేళ్ళ పిల్లకు మన్ను ఛీ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంకో మాట కూడా వింటారు: "మనం సీమవాళ్ళం, మనకు ఎండ కొత్తా?" ఇది మాత్రం నమ్మొద్దు. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దానికే మనది కరువు సీమ అంటున్నాం. ఆర్చెస్‌లో పడేది దాదాపు 250 లోపే. గాలి అంత పొడిగా ఉంటే చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఇక్కడైతే పిల్లాడి చొక్కా తడిసిందంటే నీళ్ళు తాపాలని మనకే తెలుస్తుంది. అక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది, లోపల ఒళ్ళు ఎండిపోతుంటుంది. చిన్నపిల్లల ఒళ్ళు మనకన్నా త్వరగా వేడెక్కుతుంది, ఆటలో పడితే దాహమని వాళ్ళు నోరు తెరిచి చెప్పరు. అందుకే అడిగేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాపుతూనే ఉండాలి. డైపరు చాలాసేపు తడవకపోయినా, ఏడుస్తుంటే కన్నీళ్ళు రాకపోయినా నడక అక్కడితో ఆపి నీడకు తీసుకుపోయి ఓఆర్ఎస్ పట్టండి. అప్పటికీ తేరుకోకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు కావాలని పార్కువాళ్ళే చెప్తారు. నీళ్ళు దొరికేది మొదట్లో విజిటర్ సెంటర్ దగ్గర, మళ్ళీ రోడ్డు చివర డెవిల్స్ గార్డెన్ దగ్గరే. మధ్యలో అంగడి అన్నదే ఉండదు.

మా మరిదికి డెలికేట్ ఆర్చ్ మీద మనసు. యూటా కార్ల నంబరు ప్లేట్ల మీద ఉండే రాతి కమాను అదే. పోనూ రానూ ఐదు కిలోమీటర్లకు కొంచెం తక్కువ, దాదాపు 500 అడుగులు పైకెక్కాలి, చాలా దూరం నున్నటి బండ మీదే నడక, నీడ లేదు, చివర్లో కొండ అంచు వెంబడి పోవాలి. "పిల్లల్ని సంచి లాంటి క్యారియర్లో కూర్చోబెట్టి వీపుకు తగిలించుకుంటే అయిపోతుంది వదినా, ఇంతదూరం వచ్చి అది చూడకుండా పోతామా?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. క్యారియర్లో కూర్చున్న పిల్లాడికి ఎండ పూర్తిగా తగులుతుంది, మోసేవాళ్ళకు వాడి మొహం కనబడదు. వాడు నిద్రపోతున్నాడో సొమ్మసిల్లాడో ఎవరు చూస్తారు? రాత్రి మోటల్ అనే లాడ్జిలో దీని మీద గట్టిగానే వాదించుకున్నాం. చివరికి అన్నదమ్ములిద్దరూ చీకటితోనే లేచారు, వాళ్ళను ఆ దారి మొదట్లో దింపేసి మా తోడికోడలు కారు ముందుకు పోనిచ్చింది.

మేం నలుగురం పోయింది శాండ్ డ్యూన్ ఆర్చ్‌కు. మీరు ఒక్క చోటికే పోగలిగితే ఇక్కడికే పోండి. కారు దిగిన చోటు నుంచి పోనూ రానూ అర కిలోమీటరు చిల్లర, అంతే. ఎత్తయిన ఎర్రబండ గోడల మధ్య సందులోంచి లోపలికి పోవాలి. లోపలంతా మెత్తటి ఇసుక, పిల్లల పాదాలు చీలమండల దాకా దిగబడేంత. గోడలు ఎత్తు కాబట్టి పొద్దున ఎండ కిందికి దిగదు. స్వెటర్లు వేసుకునే వెళ్ళాం. మా బాబు బూట్లు లాగేసి కాలు పెట్టగానే ఇసుక చల్లదనానికి ఒక్కసారి ఉలిక్కిపడ్డాడు, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. తర్వాత వాణ్ణి ఆపడం ఎవరి తరం కాలేదు.

మజ్జిగ తాపడానికి ఇంటి నుంచి తెచ్చిన రెండు స్టీలు గ్లాసులున్నాయి. వాటితో ఇద్దరూ కాఫీ అంగడి పెట్టారు. పాప "నాకు చెక్కెర ఎక్కువ" అంటే వీడు ఇంకో పిడికెడు ఇసుక పోస్తాడు. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి ఎత్తి పోయడం, సగం కింద పడిపోవడం, మళ్ళీ నింపడం. మధ్యలో చిన్న తొండ ఒకటి బండ మీదికి వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. అది పోయాక ఎటు పోయిందో వెతకడానికే ఎంతోసేపు పట్టింది. ఆర్చ్ వాళ్ళ నెత్తి మీదే ఉంది, ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. చూడాల్సిన అవసరమూ లేదు. ఫోటో తీద్దామని మేము "పైకి చూడు, పైకి చూడు" అని వెంటపడకపోవడమే ఆ పూట మేం చేసిన మంచి పని. ఎండ గోడ దిగి ఇసుక మీదికి వచ్చే వేళకు ఉప్పు, జీలకర్ర వేసిన మజ్జిగ తాపి, పెరుగన్నం పెట్టి బయల్దేరదీశాం. పది దాటాక పిల్లలతో బయట పనిలేదు. మోటలుకు పోయి నిద్రపుచ్చడమే.

దారిలో ఒకచోట మన్ను నల్లగా, బొడిపెలు బొడిపెలుగా ఉంది. దాని మీద అడుగు వేయొద్దని రేంజరమ్మ మమ్మల్ని ఆపి చెప్పింది. అది ప్రాణమున్న మన్ను. కంటికి కనబడని సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు, నాచు లాంటివి అల్లుకుని ఇసుక గాలికి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. ఒక్క అడుగు పడి చెదిరితే మళ్ళీ కుదురుకోవడానికి ఏళ్ళు, ఒక్కోచోట దశాబ్దాలు పడుతుందట. "మన్ను బజ్జుంది, లేపొద్దు" అని మా తోడికోడలు పిల్లలకు చెప్పింది. అంతే, సాయంత్రం దాకా ఇద్దరూ నోటి మీద వేలేసుకుని మా అందరినీ కాపలా కాశారు. చిన్నపిల్లలు మాట వినరంటారు గానీ, వాళ్ళకు అందేలా చెప్పేవాళ్ళే తక్కువ.

సాయంత్రం అందరం కలిసి డెలికేట్ ఆర్చ్‌ను దూరం నుంచి చూశాం. దానికి కింది నుంచి చూసే చోటు వేరే ఉంది, కారు దిగి వంద గజాలు నడిస్తే చాలు. పెద్దవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా పోవచ్చు.

పోయే ముందు ఇక్కడే అలవాటు చేయండి. మీకు గండికోట దగ్గరే కదా, జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. మేం కూడా పోయేముందు అక్కడికే తీసుకెళ్ళాం. తెల్లారేసరికి చేరుకుని కోట లోపల మాధవరాయ స్వామి గుడికీ జామా మసీదుకూ మధ్య పిల్లల్ని వదిలేయండి. రాయి కనబడితే ఎక్కుతారు, దిగుతారు, కూర్చుంటారు. ఎంతసేపటికి అలుస్తారో, ఎప్పుడు మారాం మొదలవుతుందో మీకు తెలిసిపోతుంది. పెన్నా లోయ అంచుకు మాత్రం చెయ్యి వదలకుండా పోవాలి. మేం పోయినప్పుడు ఒకాయన ఫోటో కోసం ఏడాదిన్నర పిల్లను లోయ అంచు బండ మీద ఒంటరిగా నిలబెట్టి వెనక్కి నడుస్తున్నాడు. నేను గట్టిగా కేక వేశాను, ఆయనకు కోపం వచ్చింది, రానీ. ఇక సెలవురోజుల్లో స్పీకరు పాటలు, పగలగొట్టిన సీసాల గాజుపెంకులు. వేల మైళ్ళ అవతలి మన్ను మీద అడుగు వేయొద్దంటే పద్ధతిగా వింటాం, మన కోటలో సీసా పగలగొట్టి వస్తాం. దీనికి బాధ్యత ఎవరిదో వాళ్ళు ఆలోచించుకోవాలి.

మీ అన్నయ్య సెప్టెంబరులో కాలిఫోర్నియా వైపు ఉండే డెత్ వ్యాలీ ఎడారి పార్కుకు పోదామంటే మాత్రం ఒప్పుకోవద్దు. 1913 జులై 10న అక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది. ఎండాకాలంలో పల్లపు చోట్ల పొద్దున పది దాటాక నడవొద్దని పార్కువాళ్ళే హెచ్చరిస్తారు. సెప్టెంబరు అంటే అక్కడ ఎండలు ఇంకా తగ్గవు. చలికాలంలో పోయేవాళ్ళకైతే అది మంచి చోటే.

తిండి సంగతి: బొరుగులు, చెనిక్కాయ ఉండలు ఇక్కడి నుంచే కట్టుకుపోండి. ఉండలు మాత్రం చెనిక్కాయలు మెత్తగా పొడి కొట్టి చేసినవే అయ్యుండాలి. ఈ వయసు పిల్లలకు గింజ గింజగా పెడితే గొంతులో అడ్డం పడుతుంది, అందులోనూ నడుస్తూ తింటుంటే.

కాళ్ళకు చెప్పులు వద్దు, వేళ్ళు మూసుకునే బూట్లు వేయండి. మోటలు బయట ఖాళీ స్థలంలో మా వాడి చెప్పులో ఏదో గుచ్చుకుందని పీకి చూస్తే పల్లేరుకాయ! మన చేలల్లో ఉండేదే, అక్కడా పాకిపోయింది. ముళ్ళు తీయడానికి చిన్న పట్టకారు బ్యాగులో పడేసుకోండి. బూట్లు అక్కడికి పోయాక కొనే పని పెట్టుకోకుండా ఇక్కడే కొని, నెల ముందు నుంచే ఇంట్లో వేసి తిప్పండి. కొత్త బూట్లు కరిచాయంటే మళ్ళీ ఎత్తుకునే తిరగాల్సి వస్తుంది.